మహలనోబిస్ గారూ, మా మల్టిప్లయరూ

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుడి జీవితం గురించి నాలుగు పేజీలు రాసివ్వమని మన సంఘ కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు ప్రశాంత చంద్ర మహలనోబిస్. డిసెంబరు 17 మనకు ఎందుకు పండుగో సభ్యులందరికీ తెలిసినదే. 1982లో ఆ రోజునే నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని తీర్పు చెప్పింది. అంతకు 51 సంవత్సరాల ముందు, 1931లో, సరిగ్గా అదే డిసెంబరు 17న కలకత్తాలో కొందరు పెద్దలు సమావేశమై ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పారు. దానికి మూలపురుషుడు మహలనోబిస్ గారు. ఈ రెండు తేదీలు కలవడం కాకతాళీయమే. కాని 36 ఏళ్ళు సర్వే షెడ్యూళ్ళ మధ్య గుమాస్తాగా బతికి, ఆ జీతం మీద వచ్చే పెన్షను తింటున్న నాబోటివాడికి రెండింటికీ ఋణమున్నది.

నేను ఉద్యోగంలో చేరింది 1973లో. అప్పటికి ఆయన పోయి ఏడాది. కాబట్టి ఆయనను చూశానని చెప్పుకునే భాగ్యం నాకు లేదు. ఆయన పెట్టిన పద్ధతులను మాత్రం రోజూ చూశాను, చాలాకాలం అవి ఎందుకున్నాయో తెలియకుండానే.

మహలనోబిస్ గారు 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. తండ్రి ప్రబోధ చంద్ర, తల్లి నిరోదబాసిని. ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి గురువుల దగ్గర చదివి 1912లో భౌతికశాస్త్రంలో పట్టభద్రులయ్యారు. మరుసటి ఏడాది లండన్‌లో చదువుకుందామని ఓడ ఎక్కారు. అక్కడినుండి ఒకరోజు కేంబ్రిడ్జి చూడడానికి వెళ్ళి, కింగ్స్ కళాశాల చాపెల్ అందానికి ముగ్ధులై తిరుగుతూ ఆఖరి రైలు తప్పిపోయారు. రాత్రికి ఒక మిత్రుడి గదిలో తలదాచుకున్నారు. ఇంత నచ్చితే ఇక్కడే చేరరాదా అని ఆ మిత్రుడు సలహా ఇవ్వగా, అలాగే చేరిపోయారు. రైలు తప్పిపోవడం వల్ల మంచి జరిగిన సందర్భాలు మన సభ్యుల అనుభవంలో తక్కువే గాని, ఇది ఒకటి.

ఆ కేంబ్రిడ్జిలోనే శ్రీనివాస రామానుజన్‌తో స్నేహం కలిసింది. మద్రాసు వేడికి అలవాటుపడిన రామానుజన్ అక్కడి చలికి వణుకుతూ, మంచం మీద పరుపుకింద దోపి ఉంచిన కంబళ్ళను ఎలా వాడాలో తెలియక ఓవర్‌కోటు కప్పుకుని పడుకునేవారట. కంబళ్ళు విప్పి లోపలికి ఎలా దూరాలో చూపించినది మహలనోబిస్ గారు. ప్రపంచం నివ్వెరపోయే సూత్రాలు రాసిన మనిషికి కంబళి కప్పుకోవడం నేర్పిన ఘట్టం నాకెప్పుడు గుర్తొచ్చినా నవ్వూ, జాలీ రెండూ కలుగుతాయి.

1915లో ట్రైపోస్ పూర్తయింది. కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధన చేసే అవకాశమూ వచ్చింది. ఈలోగా సెలవు మీద ఇంటికి వద్దామనుకుంటే యుద్ధం మూలంగా ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుని ఉండగా మెకాలే అనే ట్యూటరు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలను చూపించారు. అవి తెగ నచ్చి పూర్తి సెట్టు కొనుక్కుని, దారి పొడుగునా చదువుతూ కలకత్తా చేరారు. ఇక్కడ ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పడానికి తాత్కాలికంగా చేరి, ఇక ఇంగ్లండుకు పరిశోధనకని తిరిగి వెళ్ళనేలేదు. జీతం భౌతికశాస్త్రానిది, మనసు గణాంకాలది. ఆ రోజుల్లో స్టాటిస్టిక్స్ అనేది ఒక చదువు అని మన దేశంలో ఎవరూ అనుకునేవారు కాదు.

మొదట ఆయనకు దొరికినవి చిన్న పనులే. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్షా ఫలితాలను విశ్లేషించమని బ్రజేంద్రనాథ్ శీల్ గారు అడిగారు. 1920లో నాగపూరు సైన్సు కాంగ్రెసులో అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త పరిచయమై, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు చేతికిచ్చారు. ఏ జాతికి ఏ జాతి ఎంత దగ్గరో తేల్చాలని తల బద్దలుకొట్టుకున్న ఆ పనిలోంచే చివరకు 1936లో ఆయన పేరుతో ప్రసిద్ధమైన డి-స్క్వేర్ దూరం పుట్టింది. ఆ లెక్క వివరాల జోలికి నేను పోను, నాకు అంతగా రాదు కూడా.

గుమాస్తాగా నాకు ఎక్కువ నచ్చినవి వరదల లెక్కలు. 1922లో ఉత్తర బెంగాలులో పెద్ద వరద వచ్చింది. నీటిని ఆపే బేసిన్లు కట్టాలని ఇంజనీర్లు ప్రతిపాదించారు. దస్త్రం మహలనోబిస్ గారి దగ్గరకు వచ్చింది. ఆయన సుమారు 50 ఏళ్ళ వర్షపాతం లెక్కలు ముందేసుకుని, అక్కడ కావలసింది నీటిని ఆపడం కాదు, త్వరగా పోనివ్వడం అని తేల్చారు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి వరద వస్తే, నది అడుగు పైకి లేచింది కనుక గట్లు ఇంకా ఎత్తు చేయాలని నిపుణులు అన్నారు. ఆయన 60 ఏళ్ళ రికార్డు తీసి, నది అడుగు లేవలేదు, పైన కొండల్లో వాన ఎక్కువ పడింది, ఎగువన ఆనకట్టలు కట్టుకోవడమే దారి అని చూపారు. తరువాత మహానది మీద హీరాకుడ్ నిర్మాణానికి దారితీసిన ఆలోచనల్లో ఆ నివేదిక ఒకటి. ఆ పాత వర్షపాతం రిజిస్టర్లను రోజూ తప్పకుండా నింపిన పేరులేని గుమాస్తాలు ఎందరో కదా. ఒక్కడు బద్ధకించి ఊహించి రాసి ఉంటే గట్లు ఎత్తే ఖర్చు ఏమయ్యేదో!

1923లో నిర్మల కుమారి గారితో ఆయన వివాహం జరిగింది. మామగారికి ఇష్టం లేని పెళ్ళి. దంపతులిద్దరూ రవీంద్రనాథ్ టాగూరుకు మిక్కిలి ఆప్తులు. 1926లో ఆయన ఐరోపా యాత్రలో వెంట ఉన్నారు. విశ్వభారతి వ్యవహారాలు మహలనోబిస్ గారు చాలాకాలం చూశారు. వీరికి సంతానం లేదు.

ఇన్‌స్టిట్యూట్ అంటే ఇప్పుడు బారానగర్‌లోని పెద్ద భవనాలు తలుచుకుంటాం గాని, మొదట అది ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన గదే. మొదటి ఏడాది ఖర్చు మొత్తం 238 రూపాయలు. ఆ కాలంలో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లెక్కలు చేసే మనిషి. 1933లో సంఖ్య అనే పత్రిక ప్రారంభించారు. అక్కడికి వచ్చిన యువకుల్లో మనవాడొకరు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేసి ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, సి.ఆర్. రావుగా జగత్ప్రసిద్ధులయ్యారు. 2023 ఆగస్టులో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1937లో బెంగాలులో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో అంచనా కట్టే పని ఆయనకు అప్పగించారు. అంతవరకూ పద్ధతి ఏమిటంటే చేను చేనుకూ మనిషిని పంపి లెక్కించడం. వేలాదిమందిని హడావుడిగా నియమించాలి, వారిపై నిఘా ఉండదు, వారిలో కొందరు చెట్టుకింద కూర్చుని నింపేస్తారు. మహలనోబిస్ గారు పటం మీద యాదృచ్ఛికంగా కొన్ని గళ్ళు ఎంచి, ఆ గళ్ళలో పడిన చేలనే శిక్షణ పొందిన కొద్దిమందితో చూడమన్నారు. కొంచెం చూసి మొత్తం చెప్పడం ఏమిటని నవ్వినవారున్నారు. కొన్నేళ్ళకు చేనుచేను లెక్కనూ, నమూనా లెక్కనూ, వ్యాపారుల దగ్గరున్న బేళ్ళ లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే నమూనా లెక్కే వాస్తవానికి దగ్గరగా ఉంది. ఖర్చు సుమారు పదో వంతు.

అయితే ఆయన గొప్పదనం నా దృష్టిలో అక్కడ లేదు. నమూనాను ఆయన రెండు భాగాలు చేశారు. ఒకే ప్రాంతానికి రెండు వేరువేరు నమూనాలు, వాటికి వేరువేరు మనుషులు. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. చివర రెండు ఫలితాలూ పక్కపక్కన వేస్తారు. రెండూ దగ్గరగా ఉంటే నమ్మవచ్చు, దూరంగా ఉంటే ఎక్కడో తేడా ఉంది, వెళ్ళి చూడాలి. నమూనా చిన్నదవడం వల్ల వచ్చే తేడాయే కాదు, మనిషి చేసే పొరపాటు కూడా ఆ దూరంలో బయటపడుతుంది. వీటిని మేము సబ్-శాంపిల్ 1, సబ్-శాంపిల్ 2 అనేవాళ్ళం.

1943 బెంగాల్ కరవు తరువాత ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో తెలుసుకోవడానికి ఇన్‌స్టిట్యూట్ ఈ తరహా సర్వేనే చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ఆయన కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారు అయ్యారు, జాతీయాదాయ కమిటీకి అధ్యక్షత వహించారు. దేశంలో ప్రజలు ఏం తింటున్నారో, ఎంత ఖర్చు పెడుతున్నారో నమ్మదగిన అంకె లేదని ఆ కమిటీకే తెలిసివచ్చింది. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలైంది. తొలి రౌండు 1950 అక్టోబరు నుంచి 1951 మార్చి వరకు, 1833 గ్రామాల్లో. దేశంలో గ్రామాలు ఐదున్నర లక్షలకు పైమాటే.

ఐదున్నర లక్షలకు 1833 అంటే ఒక్కొక్క గ్రామం ఎన్ని గ్రామాల తరఫున మాట్లాడుతున్నట్లు? ఆ సంఖ్యకే మల్టిప్లయర్ అని పేరు. ఇంగ్లీషు పుస్తకాల్లో వెయిట్ అంటారు. ఊళ్ళో ఇళ్ళ నుంచి కొన్నింటిని ఎంచినప్పుడు మళ్ళీ మరో గుణకారం. ఇలా ఒక్కొక్క షెడ్యూలు నుదుటన ఒక సంఖ్య ఉంటుంది. అది లేకుండా షెడ్యూళ్ళు లెక్కపెడితే మనం కలిసిన ఇళ్ళ లెక్క తెలుస్తుందే గాని దేశం లెక్క తెలియదు.

మా రోజుల్లో ఈ పనంతా పెద్ద గీతల కాగితాల మీద. అడ్డం గడుల్లో జిల్లాలు, నిలువు గడుల్లో ఖర్చు తరగతులు. ఒక్కొక్క షెడ్యూలు తీసి, అంకెను మల్టిప్లయర్‌తో హెచ్చవేసి, పోస్టు చేసి, కింద మొత్తం కట్టాలి. ఫాసిట్ యంత్రం పిడి తిప్పీ తిప్పీ సాయంత్రానికి భుజం పడిపోయేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. డెబ్బయ్యవ దశకం చివర, నేను పనిచేసిన ఆఫీసుల్లో ఒకచోట, ఒక పట్టికలో సబ్-శాంపిల్ 1కీ 2కీ చాలా తేడా వచ్చింది. పైకి పంపితే సంజాయిషీ అడుగుతారని పై అధికారి భయపడ్డారు. రెండోదాన్ని మొదటిదానికి కాస్త దగ్గరగా తెమ్మని నాతో చెప్పారు. వయసు 27, ప్రొబేషను పూర్తయి ఎంతో కాలం కాలేదు, ఇంట్లో చెల్లెలి పెళ్ళి. కొన్ని షెడ్యూళ్ళ మల్టిప్లయర్లు సవరించాను. తేడా మాయమైంది. పట్టిక బాగుందని మెచ్చుకున్నారు కూడా. చాలా ఏళ్ళ తరువాత ఒక శిక్షణ తరగతిలో మహలనోబిస్ గారి జనపనార సర్వే గురించి విన్నప్పుడు గాని నేను ఏం చేశానో అర్థం కాలేదు. ఆ తేడా మా తప్పును చూపించడానికి ఆయన పెట్టిన దీపం. నేను దాన్ని ఊది ఆర్పాను. ఆ రెండో సబ్-శాంపిల్‌లో ఎక్కువగా కూలీల ఇళ్ళు పడ్డాయని నాకు ఇప్పటికీ గుర్తు. నేను తగ్గించింది వాళ్ళ బరువునే.

ఆయన జీవితంలో తరువాతి ఘట్టం ఢిల్లీది. 1955 నుంచి 1967 వరకు ప్రణాళికా సంఘంలో ఉన్నారు. రెండో పంచవర్ష ప్రణాళికకు నమూనా ఆయనదే. ముందు భారీ పరిశ్రమలు, యంత్రాలు చేసే యంత్రాలు అన్నది దాని సారం. వ్యవసాయానికి తగినంత చోటు దక్కలేదని విమర్శ వచ్చింది. అది పూర్తిగా కాదనలేమని నా అభిప్రాయం. దాని మీద పుస్తకాలే ఉన్నాయి కనుక ఇక్కడితో వదిలేస్తాను. సర్వే లెక్కలు వేగంగా తేల్చాలన్న పట్టుదలతో ఆయన తెప్పించిన హెచ్.ఇ.సి.-2ఎం యంత్రం 1956లో ఇన్‌స్టిట్యూట్‌లో పని మొదలుపెట్టింది. మన దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే.

ఆ యంత్రం ముని మనుమడు మా ఇంట్లో ఉన్నాడు, మనుమరాలి లాప్‌టాప్ రూపంలో. ఆమె డిగ్రీ ప్రాజెక్టుకు కుటుంబాల ప్రయాణాల గురించి తీసుకుంది. 2014 జూలై నుంచి 2015 జూన్ దాకా జరిగిన 72వ రౌండులో దేశంలో జనం చేసిన యాత్రల మీద, వాటి ఖర్చుల మీద సర్వే చేశారు. ఆ షెడ్యూళ్ళ సమాచారమంతా ఇప్పుడు ఎవరైనా దించుకోవచ్చు. స్ప్రెడ్‌షీట్‌లో పివట్ టేబుల్ అనే ఏర్పాటు ఉంది. మనం గీతల కాగితం మీద చేసినదే, కాకపోతే అడ్డం గడి ఏది, నిలువు గడి ఏది అని వేలితో లాగి వదిలితే రెప్పపాటులో పట్టిక తయారు. నాలుగు నెలల మా సెక్షను పని! చూసి కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

కాని పట్టిక చూస్తే యాత్రలకు వెళ్ళిన ఇళ్ళు మరీ ఎక్కువ కనిపించాయి. నాకు అనుమానం వచ్చింది. ఆమె వరుసలు లెక్కపెట్టించింది, మల్టిప్లయర్ల మొత్తం తీయలేదు. ఇలాంటి సర్వేల్లో యాత్రకు వెళ్ళిన ఇళ్ళు తక్కువ దొరుకుతాయి కనుక వాటిని కావాలనే ఎక్కువ పాలులో ఎంచుతారు. ఉదాహరణకు ఊళ్ళో 200 ఇళ్ళనుకుందాం. 40 ఇళ్ళవారు యాత్రకు వెళ్ళారు, 160 ఇళ్ళవారు వెళ్ళలేదు. రెండు వర్గాల్లోనూ నాలుగేసి ఇళ్ళు చూశాం. వరుసలు లెక్కిస్తే సగం ఊరు యాత్రకు వెళ్ళినట్లే. వెళ్ళిన ఇంటికి మల్టిప్లయర్ 10, వెళ్ళని ఇంటికి 40. హెచ్చవేస్తే 40, 160 అని నిజం బయటికి వస్తుంది, అంటే ఐదో వంతు. సగటు ఖర్చు దగ్గరా అదే మోసం. పివట్ టేబుల్‌లో సగటు అని నొక్కితే అది మల్టిప్లయర్‌ను పట్టించుకోదు. పక్కన మరో కాలమ్‌లో ఖర్చును మల్టిప్లయర్‌తో హెచ్చవేసి ఉంచుకుని, ఆ కాలమ్ మొత్తాన్ని మల్టిప్లయర్ల మొత్తంతో భాగించాలి. ఈ హెచ్చవేత వరుస వరుసకూ జరగాలి, మొత్తాలు కట్టాక హెచ్చవేస్తే అర్థంలేని సంఖ్య వస్తుంది. ఇంకొకటి, యాత్రల ఫైలులో వరుస అంటే ఒక యాత్ర. మూడు యాత్రలు చేసిన ఇల్లు మూడుసార్లు ఉంటుంది. అందులో ఇళ్ళను లెక్కించకూడదు, ఇళ్ళకు ఇళ్ళ ఫైలే వాడాలి.

ఇంతవరకూ ఆమె త్వరగానే అందుకుంది. అసలు చిక్కు మల్టిప్లయర్ దగ్గరే వచ్చింది. ఫైలులో ఇచ్చిన అంకెను కొన్ని వరుసల్లో 100తో, కొన్నింట్లో 200తో భాగించమని సూచనల్లో ఉంది. 100 ఎందుకంటే చివరి రెండంకెలు దశాంశాలు, చుక్క పెట్టకుండా ఇస్తారు. మరి 200 ఎందుకని ఆమె నన్ను అడిగింది. ఆ ప్రశ్న విని నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. ఒక్కొక్క సబ్-శాంపిలూ విడిగానే మొత్తం దేశాన్ని చెప్పగలదు. రెండూ కలిపితే రెట్టింపవుతుంది కనుక సగం చేయాలి. రెండింట్లో ఒకటే దొరికిన చోట సగం చేయనక్కరలేదు. బెంగాలు జనపనార చేలల్లో ఆయన రెండు బృందాలను విడివిడిగా నడిపించినది, ఇన్నేళ్ళ తరువాత, ఆ 200 అనే భాజకంలో కూర్చుని ఉంది.

మహలనోబిస్ గారి చివరి సంవత్సరాలు అంత సుఖంగా గడవలేదు. తాను పెంచిన శాంపిల్ సర్వేను 1970లో పునర్వ్యవస్థీకరించి, ప్రభుత్వం కొత్త సంస్థ కిందకు తెచ్చింది. బిడ్డను అత్తవారింటికి పంపిన తండ్రి బాధ అటువంటిదే అయి ఉంటుంది. అయినా ఇన్‌స్టిట్యూట్ పనిలోనే ఉంటూ, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, 1972 జూన్ 28న కలకత్తాలో కన్నుమూశారు. 1945లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మవిభూషణ్ వచ్చాయి. 2007 నుంచి ఆయన పుట్టినరోజును జాతీయ గణాంక దినంగా జరుపుతున్నారు.

మనుమరాలి చేత ఒక పని చేయించాను. సబ్-శాంపిల్ కాలమ్‌ను పట్టిక నిలువు గడుల్లోకి లాగమన్నాను. ఒకటీ, రెండూ పక్కపక్కన వచ్చాయి. రాష్ట్రం మొత్తానికి దగ్గరగానే ఉన్నాయి. చిన్న చిన్న తరగతుల్లోకి వెళితే ఒకచోట తేడా బాగా కనిపించింది. ప్రాజెక్టు అందంగా ఉండాలి కదా, ఆ గడి తీసేయనా అని అడిగింది. ఉంచమన్నాను. కింద ఒక వాక్యం కూడా రాయించాను, ఈ గడిలో చూసిన ఇళ్ళు తక్కువ, రెండు సబ్-శాంపిళ్ళకూ ఇంత తేడా ఉంది అని. పోయిన నెలలో ప్రింటు తీసి కాలేజీలో ఇచ్చింది. ఒక కాపీ నా దగ్గర పెట్టుకున్నాను.